మ్రూనాల కోసం ఏడ్చినవాళ్ళు

1935, ఆగస్టు నెలాఖరు. అమెరికాలో అలబామా రాష్ట్రం, మేకోంబ్ అనే చిన్న ఊరు. లాయర్ ఆటికస్ ఫించ్ ఇంట్లో చర్చి ఆడవాళ్ళ మిషనరీ సమావేశం జరుగుతోంది. ఆ ఇంటి నల్లజాతి వంటమనిషి కల్పర్నియా చేసిన తీపి పదార్థాలు పళ్ళాల్లో చేతులు మారుతున్నాయి. ఊళ్ళో అందరికన్నా భక్తురాలని పేరున్న మిసెస్ మెర్రీవెదర్ ఆఫ్రికాలో మ్రూనా అనే తెగ కష్టాలు చెబుతోంది. వాళ్ళ పేదరికం, వాళ్ళ అజ్ఞానం, వాళ్ళ మధ్య ఒంటరిగా బతుకుతున్న తెల్ల మిషనరీ త్యాగం. చెబుతూంటే ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి.

కళ్ళు ఆరకముందే మాట తన ఇంటి పనిమనిషి సోఫీ మీదికి మళ్ళుతుంది. టామ్ రాబిన్సన్ కేసు తీర్పు వచ్చిన దగ్గర్నుంచీ సోఫీ మొహం ముడుచుకుని తిరుగుతోందట. అది క్రైస్తవులు ఉండాల్సిన తీరు కాదని ఆవిడ సోఫీకి బుద్ధి చెప్పిందట. అసలు మాన్పించేసేదే గానీ, ఈ కరువు రోజుల్లో వారానికి వచ్చే డాలరుంపావు సోఫీకి ఎంత అవసరమో తెలుసు కాబట్టి ఉంచుకుందట.

టామ్ రాబిన్సన్ ఎడమచెయ్యి చచ్చుబడిన నల్లజాతి కూలీ. ఒక తెల్ల పిల్ల ఒంటరితనం చూసి జాలిపడి ఆమెకి పనిలో సాయం చేశాడు. అత్యాచారం కేసులో దోషి అయ్యాడు. అతను ఆ పని చెయ్యలేదని కోర్టులో కూర్చున్న అందరికీ అర్థమైంది, శిక్ష వేసిన జ్యూరీతో సహా. ఈ టీ పార్టీ మధ్యలోనే ఆటికస్ వంటింట్లోకి వచ్చి చెబుతాడు: జైలు నుంచి పారిపోబోతే కాల్చేశారు, 17 గుళ్ళు. టామ్ భార్యకి కబురు చెప్పడానికి కల్పర్నియాని వెంటబెట్టుకుని వెళ్తాడు. ఆటికస్ చెల్లెలు అలెగ్జాండ్రా ఒక్క నిమిషం కూలబడి, తేరుకుని, మేనకోడలు స్కౌట్‌తో కలిసి మళ్ళీ పళ్ళెం పట్టుకుని హాల్లోకి వెళ్తుంది. హాల్లో ఎవరికీ ఏమీ తెలియదు. మాటలు సాగుతూనే ఉంటాయి.

హార్పర్ లీ 1960లో అచ్చువేసిన 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్'లో ఇది 24వ అధ్యాయం. పంతొమ్మిదేళ్ళప్పుడు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత కాపీలో మొదటిసారి చదివాను. అప్పుడు నా మనసంతా కోర్టు సీను మీదే. ఆటికస్ లేచి నిలబడితే నేనూ బాల్కనీలో లేచి నిలబడ్డాను. టీ పార్టీ అధ్యాయం గబగబా తిప్పేశాను, ఆడవాళ్ళ కబుర్లే కదా అని. నా పక్షపాతాల్లో అదొకటి. ఈమధ్య మళ్ళీ చదివితే కోర్టు సీను కన్నా ఈ టీ పార్టీయే ఎక్కువ భయపెట్టింది. ఎందుకు భయపడ్డానో చెప్పుకోవడానికే ఈ వ్యాసం.

*

మిసెస్ మెర్రీవెదర్ని వేషధారి అనేసి ఊరుకోవడం సులభం. కానీ వేషం వేసేవాడికి అది వేషమని తెలియాలి కదా. మన గిరీశానికి తెలుసు తను ఏం చేస్తున్నాడో. ఈవిడకి తెలీదు. మ్రూనాల కోసం వచ్చిన కన్నీళ్ళు నిజమైనవే. సోఫీ మీద చిరాకూ నిజమైనదే. రెండూ ఒకే మనిషిలో ఏ ఇబ్బందీ లేకుండా కాపురం చేస్తున్నాయి. దూరాన ఉన్నవాడి మీద జాలిపడితే మన ఇంట్లో ఏదీ మారక్కర్లేదు. సోఫీ మీద జాలిపడాలంటే మాత్రం తీర్పు గురించి మాట్లాడాలి, జీతం గురించి మాట్లాడాలి.

ఇంకా విచిత్రం, ఆ గదిలో 'వేషధారులు' అన్న మాట ఎత్తేది కూడా ఆవిడే. ఉత్తరాది వాళ్ళని అంటుంది. బానిసత్వం రద్దు చేశామని గొప్పలు చెప్పుకునే వాళ్ళు నల్లవాళ్ళతో ఒక బల్ల దగ్గర కూర్చుని తింటారా? మేమైతే మీ దారి మీది, మా దారి మాది అని మొహం మీదే చెబుతాం, ఆ పాపం మాకు లేదు అని ఆవిడ వాదన. అందులో సగం నిజం ఉంది కూడా. ఉత్తరాది నగరాల్లోనూ నల్లవాళ్ళ పేటలు వేరుగానే ఉండేవి. ఎదుటివాడి కపటం మనకి ఎంత స్పష్టంగా కనిపిస్తే, మనం అంత నిజాయితీపరులమని నమ్మకం కలుగుతుంది.

అదే ఊపులో అమెరికా అధ్యక్షుడి భార్య ఎలియనార్ రూజ్‌వెల్ట్ బర్మింగ్‌హామ్ వచ్చి నల్లవాళ్ళతో కలిసి కూర్చోబోయిందని, మతిపోయిందని ఎద్దేవా చేస్తారు. ఆ సంఘటన నిజంగా జరిగింది. కాకపోతే 1938 నవంబరులో. దక్షిణాది సంక్షేమం కోసం పెట్టిన ఒక మహాసభలో పోలీసులు తెల్లవాళ్ళని ఒక పక్క, నల్లవాళ్ళని ఒక పక్క కూర్చోబెడితే, ఆమె తన కుర్చీ ఆ రెంటి మధ్య నడవలో వేయించుకుంది. 1935లో జరుగుతున్న టీ పార్టీలోకి మూడేళ్ళ తర్వాతి సంగతి ఎలా వచ్చింది? రచయిత్రి పొరపాటే కావచ్చు. నాకు మాత్రం అది బాగా పనికొచ్చిన పొరపాటు. 1926లో పుట్టిన హార్పర్ లీ ఈ కబుర్లు ఊహించి రాయలేదనీ, తన ఊళ్ళో పెద్దవాళ్ళ నోట విన్నవేననీ అనిపిస్తుంది. పన్నెండేళ్ళ పిల్ల చెవిన పడ్డ మాట ఎనిమిదేళ్ళ స్కౌట్ చెవికి చేరిందేమో.

మ్రూనాలు కల్పితం. మిషనరీ సమావేశం కాదు. ఆ కాలంలో అమెరికా అంతటా చర్చి ఆడవాళ్ళు ఇలాగే కూర్చుని, దూరదేశాల వాళ్ళ కోసం చిల్లర పోగేసేవాళ్ళు. అందులో కొంత మన దగ్గరికీ వచ్చింది. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్‌ని పంపింది లూథరన్ చర్చి స్త్రీల సంఘమే. ఆమె పేరున్న ఆసుపత్రి ఇప్పటికీ గుంటూరులో ఉంది. వాళ్ళు ఉత్తరాది చర్చివాళ్ళు, మేకోంబ్ ఆడవాళ్ళు కాదు. పైగా ఆ డబ్బుతో జరిగిన మేలు నిజం, దాన్ని తీసిపారెయ్యలేం. అయినా చదువుతూ ఒక్క క్షణం ఆగాను. ఒకప్పుడు ఎక్కడో ఒక హాల్లో, పళ్ళాలు తిరుగుతూండగా, మనమే ఎవరికో మ్రూనాలం.

*

ఆ టీ పార్టీ తర్వాత కొన్ని వారాలకి స్కౌట్ బళ్ళో ఇంకో సీను ఉంటుంది. టీచర్ మిస్ గేట్స్ హిట్లర్ గురించి చెబుతుంది. బోర్డు మీద ప్రజాస్వామ్యం అని పెద్ద అక్షరాలతో రాసి, జర్మనీలో నియంతృత్వం, మన దేశంలో అలా కాదు, మనం ఎవర్నీ హింసించం అంటుంది. యూదుల్ని తలుచుకుని నిజంగా బాధపడుతుంది. స్కౌట్‌కి ఒక సంగతి గుర్తొస్తుంది. తీర్పు రోజు రాత్రి కోర్టు మెట్లు దిగుతూ ఇదే టీచర్, వీళ్ళకి ఎవరో ఒకరు బుద్ధి చెప్పాల్సిందే, రేపు మనల్ని పెళ్ళి కూడా చేసుకుంటామంటారు అని పక్కావిడతో అంది. హిట్లర్ని అంత అసహ్యించుకునే మనిషి సొంత ఊరివాళ్ళ విషయంలో ఇలా ఎలా ఉండగలదు అని స్కౌట్ అన్నని అడుగుతుంది. అన్నకి జవాబు తెలీదు. కోపం వస్తుంది, అంతే.

ఆ ప్రశ్నకి చరిత్రలో ఒక జవాబుంది, నవలకి తెలియని జవాబు. న్యూరెంబర్గ్ చట్టాలు 1935 సెప్టెంబరు 15న వచ్చాయి. యూదులకీ జర్మన్లకీ మధ్య పెళ్ళిళ్ళు నిషేధించారు. మిస్ గేట్స్ పాఠం సరిగ్గా ఆ రోజుల్లోదే. ఆ చట్టాలకి ఏడాది ముందు, 1934 జూన్ 5న, బెర్లిన్‌లో నాజీ న్యాయనిపుణులు సమావేశమై, ఇలాంటి చట్టం ఎలా రాయాలని చర్చించుకున్నారు. అప్పుడు వాళ్ళ ముందున్న నమూనాల్లో అమెరికా రాష్ట్రాల చట్టాలున్నాయి. జేమ్స్ విట్‌మన్ అనే న్యాయ చరిత్రకారుడు 2017లో దీని మీద ఒక పుస్తకమే రాశాడు. అప్పటికి అమెరికాలో దాదాపు 30 రాష్ట్రాల్లో జాతులు దాటి పెళ్ళి చేసుకోవడం నేరం. అలబామాలో అయితే 1901 రాజ్యాంగంలోనే రాసేశారు: తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ మధ్య పెళ్ళిని అనుమతించే చట్టం శాసనసభ ఎప్పటికీ చెయ్యకూడదని. నాజీలు దుర్మార్గం అమెరికాని చూసే నేర్చుకున్నారని కాదు. కానీ జర్మనీలో పెళ్ళిళ్ళ మీద నిషేధం పెట్టినవాళ్ళనీ, మనల్ని పెళ్ళి చేసుకుంటామంటారేమో అని భయపడ్డ మిస్ గేట్స్‌నీ కలిపే దారం కాగితాల్లోనే ఉంది.

1967లో అమెరికా సుప్రీంకోర్టు అలాంటి చట్టాలన్నిటినీ కొట్టేసింది. అలబామా రాజ్యాంగంలోని ఆ వాక్యం మాత్రం అలాగే ఉండిపోయింది. 2000 సంవత్సరంలో తీసెయ్యాలా వద్దా అని ఓటింగు పెట్టారు. తీసేశారు. తియ్యొద్దని నూటికి దాదాపు 40 మంది ఓటేశారు. అప్పటికి ఈ నవల వచ్చి నలభై ఏళ్ళు.

*

ఇంతవరకూ మెర్రీవెదర్, గేట్స్ లాంటివాళ్ళ మాట. మరి ఆటికస్?

నవలలో ఒకచోట కొడుకు కు క్లక్స్ క్లాన్ గురించి భయపడితే ఆటికస్ కొట్టిపారేస్తాడు. ఎప్పుడో 1920 ప్రాంతంలో ఉండేది, అదీ రాజకీయ సంఘం లాంటిది, భయపెట్టడానికి మనుషులే దొరకలేదు, ఒక యూదు వ్యాపారి ఇంటి మీదికి వెళ్తే ఆయన మాటలకే సిగ్గుపడి వెనక్కి తిరిగారు అంటాడు. మనం నవ్వుకుంటాం. కానీ 1920ల్లో అలబామాలో క్లాన్ నవ్వుకునేంత చిన్నది కాదు. తర్వాత సుప్రీంకోర్టు జడ్జి అయిన హ్యూగో బ్లాక్ 1923లో అందులో చేరాడు. 1926 ఎన్నికల్లో ఆయన సెనేటర్‌గా, మాంట్‌గోమరీ క్లాన్ శాఖ నాయకుడైన బిబ్ గ్రేవ్స్ గవర్నర్‌గా, క్లాన్ అండతో గెలిచారు. గ్రేవ్స్ తర్వాత క్లాన్ని వదిలేశాడు గానీ, 1935 జనవరిలో మళ్ళీ గవర్నర్ అయ్యాడు. అంటే ఆటికస్ ఆ మాట అంటున్నప్పుడు రాష్ట్రాన్ని ఏలుతున్నది ఒకప్పటి క్లాన్ నాయకుడు. ఊళ్ళో అందర్లోకీ న్యాయంగా ఉండే మనిషికి తన ఊరు అంత చెడ్డది కాదని నమ్మాల్సిన అవసరం ఉంది. లేకపోతే రేపు పొద్దున్న వాళ్ళతో నవ్వుతూ ఎలా మాట్లాడతాడు?

ఆటికస్‌కి ఒరవడి హార్పర్ లీ తండ్రి, మన్రోవిల్ అనే ఊరి లాయరు, పత్రికా సంపాదకుడు, శాసనసభ్యుడు ఎ.సి. లీ. 1919లో హత్యకేసులో ఇద్దరు నల్లవాళ్ళ తరఫున వాదించాడు. ఇద్దర్నీ ఉరితీశారు. మళ్ళీ ఆయన క్రిమినల్ కేసు పట్టలేదు. 1933లో ఆ ఊరి దగ్గరే వాల్టర్ లెట్ అనే నల్లజాతి మనిషి మీద తెల్ల స్త్రీ అత్యాచారం కేసు పెట్టింది. మరణశిక్ష పడింది. ఊళ్ళోవాళ్ళే కొందరు అనుమానం చెప్పడంతో గవర్నర్ జీవితఖైదుగా మార్చాడు. అప్పటికే అతని మతి చెడింది. 1937లో మానసిక రోగుల ఆసుపత్రిలో క్షయతో చనిపోయాడు. అంతకుముందు 1931లో, అలబామాలోనే, స్కాట్స్‌బరోలో తొమ్మిదిమంది నల్లజాతి కుర్రాళ్ళ మీద ఇలాంటి కేసే పెట్టి, కొద్ది రోజుల్లోనే ఎనిమిదిమందికి మరణశిక్ష వేశారు. టామ్ రాబిన్సన్ ఊహలోంచి ఊడిపడలేదు.

2015లో 'గో సెట్ ఎ వాచ్‌మన్' వచ్చినప్పుడు చాలామంది గుండెలు పగిలాయి. 'మాకింగ్‌బర్డ్' కన్నా ముందు, 1950ల్లో రాసిన ప్రతి అది. అందులో పెద్దయిన స్కౌట్ న్యూయార్క్ నుంచి ఊరికొచ్చి, చిన్నప్పుడు కేసు చూసిన అదే బాల్కనీలోంచి కిందికి చూస్తే, నల్లవాళ్ళ హక్కుల్ని అడ్డుకోవడానికి పెట్టిన తెల్లవాళ్ళ కౌన్సిల్ మీటింగులో తండ్రి కూర్చుని ఉంటాడు. కొడుకులకి ఆటికస్ అని పేరు పెట్టుకున్నవాళ్ళు కొందరు లబోదిబోమన్నారు. నాకైతే రెండు నవలల్లోనూ ఉన్నది ఒకే మనిషి అనిపిస్తుంది. టామ్ ఒక్కడికి అన్యాయం జరిగితే భరించలేడు. టామ్‌లందరూ తనతో సమానంగా ఓటేస్తామంటే ఒప్పుకోలేడు. జాలికీ సమానత్వానికీ మధ్య ఉన్న అగాధం అది. మిసెస్ మెర్రీవెదర్ ఆ గట్టు మీద ఎక్కడో దూరంగా ఉంది, ఆటికస్ అంచు దాకా వచ్చి ఆగాడు.

*

నవలకీ ఇదే జబ్బు కొంచెం ఉంది. స్కౌట్ ఒకసారి కల్పర్నియా ఇంటికి వస్తానంటుంది. మేనత్త వీల్లేదంటుంది. తర్వాత నవల కూడా మనల్ని ఆ ఇంటికి తీసుకెళ్ళదు. పిల్లల్ని తల్లిలా పెంచిన మనిషి రాత్రి ఇంటికెళ్ళి ఏం మాట్లాడుకుంటుందో మనకి తెలీదు. తీర్పు తర్వాత నల్లవాళ్ళు ఆటికస్ ఇంటికి కోళ్ళూ కూరలూ పంపుతారు. వాళ్ళ కృతజ్ఞత కనిపిస్తుంది, కోపం కనిపించదు. కోపం ఉందని మనకి తెలిసేది ఒకే చోట, మిసెస్ మెర్రీవెదర్ ఫిర్యాదులో. సోఫీ ముడుచుకున్న మొహం! ఆ పుస్తకంలో అందరికన్నా నిజమైన స్పందన బహుశా అదే. సోఫీ మనకి ఒక్కసారి కూడా కనిపించదు.

హార్పర్ లీ సొంత ఊరు మన్రోవిల్ ఈ నవలని నెత్తిన పెట్టుకుంది. పాత కోర్టు భవనాన్ని మ్యూజియం చేసింది. 1990ల మొదట్నుంచీ ఏటా ఊరివాళ్ళే ఆ కోర్టులో దీన్ని నాటకంగా ఆడుతున్నారు. చూడ్డానికి వచ్చినవాళ్ళలోంచే కొందర్ని జ్యూరీగా కూర్చోబెడతారు.

ఆ రోజుల్లోనే పక్క కౌంటీలోని హోల్మన్ జైల్లో వాల్టర్ మెక్‌మిలియన్ అనే నల్లజాతి మనిషి మరణశిక్ష పడి ఉన్నాడు. మన్రోవిల్ వాడే. 1986 నవంబరు 1న ఊళ్ళో ఒక తెల్లజాతి అమ్మాయిని ఎవరో చంపారు. మర్నాటి ఏడు జూన్‌లో ఇతన్ని పట్టుకున్నారు. అతనికి ఒక తెల్ల స్త్రీతో సంబంధం ఉందని అప్పటికే ఊరంతా తెలుసు. విచారణ కూడా జరక్కుండానే మరణశిక్ష ఖైదీల మధ్య పెట్టారు. హత్య జరిగిన వేళకి అతను ఇంటి దగ్గరే, చర్చి కోసం చేపలు వేయించి అమ్ముతున్నచోట ఉన్నాడని చాలామంది నల్లవాళ్ళు సాక్ష్యం చెప్పారు. 1988లో విచారణ ఒకటిన్నర రోజుల్లో అయిపోయింది. జ్యూరీలో పదకొండుమంది తెల్లవాళ్ళు, ఒక్క నల్లమనిషి. జ్యూరీ జీవితఖైదు చాలంటే జడ్జి కాదని మరణశిక్ష వేశాడు. లాయర్ బ్రయన్ స్టీవెన్సన్ ఏళ్ళ తరబడి పోరాడితే, సాక్ష్యం అబద్ధమని తేలి 1993 మార్చి 2న విడుదలయ్యాడు. ఈ కేసు మీద స్టీవెన్సన్ 2014లో రాసిన 'జస్ట్ మెర్సీ'లో ఒక సంగతి చెబుతాడు. కేసు పని మీద ఆ ఊరు వెళ్తే, మాకింగ్‌బర్డ్ మ్యూజియం చూశారా అని అక్కడివాళ్ళు గర్వంగా అడిగేవారట.

వాళ్ళు వేషధారులు కారు. నిజంగా ఆ కథకి కరిగిపోయినవాళ్ళే. టామ్ రాబిన్సన్ 1935లో ఉన్నాడు, పుస్తకంలో ఉన్నాడు, చనిపోయాడు. మెక్‌మిలియన్ పక్క కౌంటీలో బతికి ఉన్నాడు. నవలే వాళ్ళకి మ్రూనా అయిపోయింది.

*

ఇక నా సంగతి. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ వీడియో చూసి రాత్రి నిద్రపట్టలేదు. ఇన్‌స్టాలో నల్ల చదరం పెట్టాను, కింద మాకింగ్‌బర్డ్ గురించి నాలుగు ముక్కలు రాశాను. చాలా లైకులొచ్చాయి. కొన్నేళ్ళ తర్వాత రెండోసారి పుస్తకం చదువుతూ, టీ పార్టీ అధ్యాయం దగ్గర, నీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాను. సింకు పక్కన కిటికీ గట్టు మీద ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. మా ఇంట్లో పనిచేసే ఆవిడది. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ ఏ ఇంట్లో ఉన్నా అలాంటి గ్లాసొకటి ఉంది. మా అమ్మ కాలంలో సొట్టలు పడ్డది ఉండేది, ఇప్పుడు కొత్తది. అమ్మ ఆవిడ కూతురి ఫీజు కట్టింది, జ్వరమొస్తే మందులు కొనిచ్చింది. దానికీ గ్లాసుకీ ఏ పేచీ లేదు. ఆ గ్లాసు ఎవరు పెట్టారని గానీ, ఎందుకు విడిగా ఉందని గానీ నేనెప్పుడూ అడగలేదు. దాచిపెట్టిన రహస్యమైతే ఎప్పుడో కనిపెట్టేదాన్నేమో. ఎదురుగా ఉంది కాబట్టి కనిపించలేదు.

ఆ గ్లాసు తీసి మిగతావాటితో పాటు స్టాండులో పెట్టాను. అంతా అయిపోయిందనుకున్నాను. మర్నాడు పొద్దున ఆవిడ వచ్చి, స్టాండులోంచి వెతికి తన గ్లాసు తీసుకుని, నీళ్ళు తాగి, కడిగి, మళ్ళీ కిటికీ గట్టు మీద బోర్లించింది. ఏమీ అనలేదు. నావైపు చూసింది గానీ, ఆ చూపులో ఏముందో నాకు అర్థం కాలేదు. పదకొండేళ్ళుగా మా ఇంటికి వస్తోంది. ఆవిడ ఇల్లెక్కడో నాకు తెలీదు.